బ్రాస్ వాయించేవాళ్ళు ఏ సింఫనీ రికార్డింగులతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: సికింద్రాబాద్‌లో చర్చి బ్యాండులో మీరు రెండో ట్రాంబోన్. తోడుగా ఇద్దరు ట్రంపెట్లు, ఒక యుఫోనియం. ముహూర్తాలు లేని నెలల్లో ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురూ ఒకరింట్లో కూర్చుని సింఫనీలు వినాలనుకుంటున్నారు. ఏ సింఫనీ, ఎవరి రికార్డింగు, ఎలా వినాలి? ఇన్నాళ్ళూ బ్రాస్ (ఇత్తడి ఊదుడు వాయిద్యాలు) దద్దరిల్లే చోట్లను మాత్రమే కత్తిరించి అతికించిన క్లిప్పులు చూశామని, అవి చూసినప్పటినుంచి రిహార్సల్‌లో అందరూ పోటీపడి గట్టిగా ఊదుతున్నారని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. బ్రామ్స్ 1 (అంటే బ్రామ్స్ రాసిన ఒకటో సింఫనీ, మిగతావీ అలాగే), ద్వోర్జాక్ 9, మాలర్ 5, సిబేలియస్ 7, బ్రుక్నర్ 7. ఈ వరసలోనే వినండి. ఒక్కోదానికి రెండేసి రికార్డింగులు చాలు, ఆ రెండూ వేర్వేరు దేశాల బ్రాస్ పద్ధతివి అయి ఉండాలి. క్లిప్పులు ఆపేయండి. గట్టిగా ఊదే చోట మంచి ఆర్కెస్ట్రాల మధ్య తేడా మొదట్లో అంతగా తెలియదు. అసలు తేడా తెలిసేది మెల్లగా ఊదే చోట, చాలాసేపు ఖాళీగా కూర్చుని ఒక్కసారిగా అందుకునే చోట, స్వరాన్ని వదిలే చోట. ఈ ఐదు సింఫనీల్లో అలాంటి చోట్లు దండిగా ఉన్నాయి.

బ్రామ్స్ ఒకటో సింఫనీ ముందెందుకంటే, అందులో ట్రాంబోన్లు మొదటి మూడు మూవ్‌మెంట్లూ (సింఫనీలోని భాగాలు) నోరు మెదపవు. ముప్పై నిమిషాలకు పైగా ఊరికే కూర్చున్నాక నాలుగో మూవ్‌మెంట్ ముందుభాగంలో మూడు ట్రాంబోన్లూ మెత్తగా ఒక కోరల్ (కీర్తనలా అందరూ కలిసి నెమ్మదిగా కదిలే భాగం) అందుకోవాలి. మొదటి ట్రాంబోన్‌కు పడే తొలి స్వరమే పై ఎ. పెదవి చల్లారిపోయి, మౌత్‌పీస్ చల్లబడి ఉన్నప్పుడు ఆ స్వరాన్ని నాలుకతో కొట్టకుండా గాలితోనే తెరవాలి. మీరు రెండో ట్రాంబోన్ కాబట్టి పైస్వరాన్ని వదిలేసి మధ్య గొంతును పట్టుకోండి. రెండోవాడు మొదటివాడికంటే వెంట్రుకవాసి ఎక్కువ ఊదినా కోరల్ బరువెక్కిపోతుంది. మంచి రికార్డింగుల్లో ముగ్గురూ కలిసి ఒకే పెద్ద వాయిద్యంలా వినిపిస్తారు, ఎవరు ఏ స్వరమో వెతుక్కోవాలి.

ఆ కోరల్‌కు కొంచెం ముందు హార్న్ (గుండ్రంగా చుట్టిన గొట్టమున్న బ్రాస్ వాయిద్యం) సోలో వస్తుంది, ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపరులు ఊదే పొడుగు కొమ్ము పిలుపు లాంటిది. మూవ్‌మెంట్ మొదలైన సుమారు మూడో నిమిషంలో ఉంటుంది. ఇక్కడ బ్రామ్స్ చేసిన ఏర్పాటు చూడండి: మొదటి హార్న్ ఊపిరి తీసుకునే లోపల రెండో హార్న్ అదే పొడుగు స్వరాన్ని అందుకుని నిలుపుతుంది. వినేవాళ్ళకు ఎక్కడా తెగదు. మీ బ్యాండులో కీర్తన చరణాల మధ్య నలుగురూ ఒకేసారి ఊపిరి తీసుకుని గుంట పెడుతుంటారు కదా, దానికి మందు ఇదే. ఇద్దరు ట్రంపెట్లవాళ్ళనూ ఒక పొడుగు స్వరం మీద వంతులేసుకుని ఊదమనండి.

రికార్డింగులు: కార్ల్ బోమ్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో 1959లో చేసినది, దానికి జోడీగా జార్జ్ సెల్ క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో 1960లలో చేసినది. బెర్లిన్‌ది ముదురు రంగు, స్వరాల అంచులు గుండ్రంగా ఉంటాయి. క్లీవ్‌లాండ్‌లో ప్రతి స్వరం మొదలూ చివరా గీత గీసినట్టు తెలుస్తుంది. ఏది మేలు అనే వాదనలోకి దిగకండి, అది ఊదు కాలదు పీరు లేవదు. రెండింట్లో కోరల్ భాగాన్ని పక్కపక్కన పెట్టి, ఆఖరి స్వరాన్ని ఎవరు ఎంతసేపు నిలిపారో వేళ్ళ మీద లెక్కపెట్టండి. అది చాలు.

ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, 'న్యూ వరల్డ్', మీలో చాలామందికి తెలిసినదే. 1893లో న్యూయార్క్‌లో మొదటిసారి వాయించారు. రెండో మూవ్‌మెంట్ మొదట్లో తగ్గు గొంతుల బ్రాస్, చెక్క వాయిద్యాలు కలిసి ఏడు కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) పియానిస్సిమోలో, అంటే చాలా మెల్లగా, వాయిస్తాయి. అన్నిటికంటే అడుగు గొంతున్న బ్రాస్ వాయిద్యం ట్యూబాకు ఈ సింఫనీ మొత్తమ్మీద ఉన్నది ఈ మూవ్‌మెంట్‌లోని 14 స్వరాలే. మీ యుఫోనియం మిత్రుణ్ణి ఆ ట్యూబా గీత ఊదమనండి. పద్నాలుగే కదా అని తీసిపారేస్తే దెబ్బతింటాడు. నలభై నిమిషాల సంగీతంలో అవే తన పని కాబట్టి ఒక్కటి వణికినా హాలంతా వింటుంది.

నాలుగో మూవ్‌మెంట్‌లో హార్న్లు, ట్రంపెట్లు గట్టిగా పాడే పెద్ద పాట వస్తుంది. మీ ట్రంపెట్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ పార్టు (ఒక్కో వాయిద్యానికి విడిగా రాసిన స్వరాల కాగితం) మీద 'ఇన్ ఇ' అని, అంటే ఇ శ్రుతి ట్రంపెట్‌కు అని, రాసి ఉంటుంది. మీ చేతుల్లో ఉండేవి బి ఫ్లాట్ ట్రంపెట్లు. కాబట్టి పార్టులో సి కనిపిస్తే మీరు ఎఫ్ షార్ప్ వెయ్యాలి. చూసీచూడగానే మార్చుకోవడం మొదట్లో ఎవరికీ రాదు, కాగితం మీద తిరగరాసుకోండి. అది చెయ్యకుండా రికార్డింగుతో కలిపి ఊదబోయి, శ్రుతి కలవడం లేదని వాయిద్యాన్ని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. ట్రాంబోన్ పార్టులదీ ఇలాంటి సంగతే. బ్యాండులో ట్రెబుల్ క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) నేర్చుకున్నవాళ్ళకు ఆర్కెస్ట్రా పార్టుల్లో ఆల్టో, టెనర్, బాస్ క్లెఫ్‌లు ఎదురవుతాయి. బాస్ క్లెఫ్ ముందు, టెనర్ తర్వాత. ఆల్టోను ఏడాదిపాటు పక్కన పెట్టినా నష్టం లేదు.

దీనికి రికార్డింగులు: ఇష్త్వాన్ కెర్తెస్, వియన్నా ఫిల్‌హార్మోనిక్, 1961, కారెల్ అంచెర్ల్, చెక్ ఫిల్‌హార్మోనిక్, అదీ 1961దే. వియన్నావాళ్ళు ఎఫ్‌లో ఉండే పాతకాలపు సింగిల్ హార్నే వాడతారు. గొట్టం పొడుగు, స్వరం తప్పితే బాగా తప్పుతుంది, కానీ స్వరం నుంచి స్వరానికి మారడం నూనె పోసినట్టు ఉంటుంది. చెక్ హార్న్‌లో సన్నటి వైబ్రేటో (స్వరాన్ని ఊపడం) వినిపిస్తుంది. మన చెవికి గమకం అలవాటు కాబట్టి అది వెంటనే నచ్చేస్తుంది. నచ్చితే మంచిదే, కానీ కోరల్‌లో దాన్ని దింపకండి. నలుగురు నాలుగు వేగాల్లో ఊపితే కార్డు మిగలదు.

ఇక మాలర్ ఐదు. మొదటి స్వరం నుంచీ ఒంటరి ట్రంపెట్. మూడు చిన్న స్వరాలు, ఒక పొడుగుది, మళ్ళీ అవే. వినడానికి పోలీస్ పెరేడ్ బ్యూగిల్ లాగే ఉంటుంది, అలా ఉండాలనే రాశాడు. ఆ చిన్న మూడు స్వరాలను మిలిటరీ ఫ్యాన్‌ఫేర్ల పద్ధతిలో కాస్త తొందరగా, ముందుకు జారినట్టు వాయించాలని మాలర్ స్కోరులోనే సూచన పెట్టాడు. మెట్రోనోమ్ పెట్టుకుని మూడింటినీ సమంగా కొడితే అది తప్పు కాదు గాని, మాలర్ అడిగింది అది కాదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటుంది. తొందరపడేసరికి మూడు స్వరాల్లో మధ్యది మింగేస్తారు. ఫోన్‌లో రికార్డు చేసుకుని సగం వేగంతో వినండి, మూడోవంతు సార్లు ఆ స్వరం లేకపోవడం మీకే తెలుస్తుంది.

రికార్డింగు: కండక్టర్ షోల్టీ, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా, 1970. మొదటి ట్రంపెట్ ఆడాల్ఫ్ హెర్‌సెత్. ఆయన ఆ కుర్చీలో 1948 నుంచి 2001 దాకా కూర్చున్నారు. మూడో మూవ్‌మెంట్‌లోని ప్రత్యేక హార్న్ భాగానికి డేల్ క్లెవెంజర్, అడుగున ట్యూబా ఆర్నాల్డ్ జేకబ్స్. అమెరికా బ్రాస్ అంటే ఏమిటో తెలియాలంటే ఇంతకంటే వేరేది అక్కర్లేదు. పక్కన పెట్టాల్సింది: బెర్న్‌స్టైన్, వియన్నా ఫిల్‌హార్మోనిక్, 1987. వియన్నాలో ట్రంపెట్లకు పిస్టన్లు ఉండవు, రోటరీ వాల్వులు ఉంటాయి. అందుకే అదే ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా వాయించే చోటు) షికాగోలో కత్తిలా దూసుకొస్తే, వియన్నాలో వెడల్పుగా పరుచుకుంటుంది.

ఇక్కడే మీ రిహార్సల్ జబ్బు సంగతి. షికాగో రికార్డింగు విని ఆ చప్పుడును మీ గదిలో తెద్దామని చూస్తే పెదవి వాచిపోతుంది, అంతకుమించి ఏమీ రాదు. ఒకటి, ఆ రికార్డింగుల్లో మైకులు బ్రాస్‌కు దగ్గరగా ఉంటాయి, మిక్సింగ్‌లో ముందుకు తెస్తారు కూడా. రెండు, వాళ్ళు ఊదేది పెద్ద హాలులో, మీరు ఊదేది పన్నెండడుగుల గదిలో. మూడు, ఆ గట్టితనం గాలి పరిమాణం నుంచి వస్తుంది, మీరు తెస్తున్నది పెదవుల ఒత్తిడి నుంచి. తేడా పట్టుకోవడం సులువు. గట్టిగా ఊదాక వెంటనే అదే స్వరాన్ని మెల్లగా ఊదండి. స్వరం పలక్కపోయినా, ఫుస్సుమని గాలే వచ్చినా ఒత్తిడితో లాగారని అర్థం. బరాత్‌లో నాలుగు గంటలు ఆరుబయట ఊదిన మర్నాడు మాలర్ జోలికి పోవద్దు, ఆ రోజు వినడం వరకే.

సిబేలియస్ ఏడు మీకోసమే అనుకోండి. 1924లో వచ్చిన ఈ సింఫనీలో ఒకటే మూవ్‌మెంట్, ఇరవై నిమిషాలు దాటి కొంచెం. అందులో ఒకే ట్రాంబోన్ పాట మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ చుట్టూ ఉన్న వాతావరణం వేరు. పాట పెద్ద కష్టమైనదేం కాదు, స్వరాలు మధ్య స్థాయిలోనే ఉంటాయి. కష్టమంతా ఆర్కెస్ట్రా గొంతుల్లోంచి అరవకుండా పైకి తేలడంలో ఉంది. కరయాన్ బెర్లిన్‌తో 1967లో చేసినది ఒకటి. మ్రవిన్‌స్కీ లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్‌తో 1965లో మాస్కోలో కచేరీలో వాయించినది రెండోది. మ్రవిన్‌స్కీ దాంట్లో ట్రాంబోన్ వైబ్రేటోతో, గొంతెత్తి పాడేవాడిలా వస్తుంది. బెర్లిన్‌లో అదే పాట ఎక్కడ మొదలైందో కూడా తెలియకుండా తీగల మధ్య నుంచి లేస్తుంది. రెండూ విని తలగోక్కుంటారు, అందుకే చెప్తున్నాను.

బ్రుక్నర్ ఏడును చివరికి పెట్టాను, ఓపిక కావాలి. గంటకు పైగా ఉంటుంది. రెండో మూవ్‌మెంట్ చాలు మొదట్లో. అందులో నాలుగు వాగ్నర్ ట్యూబాలు ఉంటాయి. పేరు ట్యూబా అయినా వాటిని ఊదేది హార్న్ వాయిద్యకారులే, హార్న్ మౌత్‌పీస్‌తోనే. వాగ్నర్ 1883 ఫిబ్రవరిలో పోయాడు. ఈ మూవ్‌మెంట్ చివర్లో ట్యూబాలు వాయించే భాగం ఆయనకు శోకగీతం. మీకు హార్న్ లేదు గనక ఆ గీతను యుఫోనియంతో ప్రయత్నించవచ్చు, రంగు పూర్తిగా దగ్గర కాకపోయినా దూరమేమీ కాదు. బ్రుక్నర్ దగ్గర నేర్చుకోవాల్సింది స్వరం వదలడం. పెద్ద ఫోర్టిస్సిమో తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం పెడతాడు. పదిమంది బ్రాస్ ఒకే క్షణంలో, నాలుకతో తెంచకుండా గాలి ఆపాలి. అప్పుడే హాలులో మోత శుభ్రంగా తేలుతుంది. నాలుకతో ఆపితే 'తత్' అని తలుపేసిన చప్పుడు వస్తుంది, మన బ్యాండుల్లో నూటికి తొంభై చోట్ల వినపడేది అదే.

కరయాన్ వియన్నాతో 1989లో చేసినది, గుంటర్ వాండ్ బెర్లిన్‌తో 1999లో కచేరీలో చేసినది తీసుకోండి. పార్టు చూస్తూ వినేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రుక్నర్ సింఫనీలకు హాస్, నోవాక్ అని రెండు ముఖ్యమైన ఎడిషన్లు ఉన్నాయి. ఏడులో తేడా చిన్నదే: రెండో మూవ్‌మెంట్ శిఖరం దగ్గర సింబల్ (పెద్ద తాళాల) దెబ్బ కొన్ని రికార్డింగుల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఎనిమిదిలో మాత్రం కొన్ని బార్లే (తాళం లెక్కన గీతలతో విడదీసిన గడులు) మారిపోతాయి, లెక్క తప్పి మధ్యలో తేలిపోతారు.

వినే పద్ధతి గురించి. ఒకసారి కూర్చుంటే పదిహేను నిమిషాల సంగీతం మించొద్దు. అదే భాగాన్ని మొదటిసారి చేతిలో ఏమీ లేకుండా వినండి. రెండోసారి పార్టు ముందు పెట్టుకుని, మీ వాయిద్యం పలికే చోట కాదు, పలకని బార్లను లెక్కపెడుతూ వినండి. మూడోసారి శ్రుతి పెట్టుకుని మీ గీతను గొంతుతో పాడండి. ఆ తర్వాతే వాయిద్యం పెట్టె తెరవాలి. బ్రామ్స్, ద్వోర్జాక్, బ్రుక్నర్, మాలర్ రచనల కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, పార్టులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సిబేలియస్ 1957లో పోయారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు కాబట్టి ఆయనవీ ఇప్పుడు స్వేచ్ఛగానే వాడుకోవచ్చు. షొస్తకోవిచ్ (1975) మాత్రం ఇంకా కాపీరైట్‌లోనే ఉన్నారు, జిరాక్సులు తీయించకండి.

ఫోన్ స్పీకరులో వినొద్దు. ట్యూబా అడుగు బి ఫ్లాట్ 58 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ చిన్న స్పీకరు దాన్ని పలకలేదు, దానితో పాటు పుట్టే పై స్వరాలు విని మీరు ట్యూబా విన్నామనుకుంటారు. బ్లూటూత్ స్పీకరు వినడానికి పనికొస్తుంది. అయితే సంగీతానికి తోడుగా వీడియోలో వేళ్ళు చూసి నేర్చుకునేటప్పుడు, యాప్‌లో మెట్రోనోమ్ కలిపేటప్పుడు ఆలస్యం వల్ల దారి తప్పిస్తుంది. వైరుతో కలపండి. కోఠీ గుజరాతీ గల్లీలో నలుగురు ఒకేసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకునే స్ప్లిట్టర్ కూడా అడగండి. స్ట్రీమింగ్ యాప్ సెట్టింగుల్లో శబ్దాన్ని సమం చేసే ఆప్షన్ ఉంటే తీసేయండి. వెతికేటప్పుడు సింఫనీ పేరుతో పాటు కండక్టర్, ఆర్కెస్ట్రా, సంవత్సరం మూడూ కొట్టండి. ఒకే కండక్టర్ ఒకే సింఫనీని మూడు నాలుగు సార్లు రికార్డు చేసి ఉంటాడు. కరయాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

రికార్డింగుతో కలిపి ఊదాలంటే శ్రుతి ముందు చూసుకోవాలి. వియన్నావాళ్ళు ఎ స్వరాన్ని 443 హెర్ట్జ్‌కు దగ్గర్లో పెడతారు, మీ చర్చి కీబోర్డు 440. తేడా సుమారు 12 సెంట్లు (పక్కపక్క కీలకు మధ్య దూరం 100 సెంట్లు). ట్రంపెట్‌కు మెయిన్ స్లైడ్ దాదాపు 5 మిల్లీమీటర్లు లోపలికి, ట్రాంబోన్‌కు వెనకున్న ట్యూనింగ్ స్లైడ్ 9 మిల్లీమీటర్లు లోపలికి నెట్టాలి. స్లైడ్ ముందే పూర్తిగా లోపలుంటే ఇంక చోటుండదు. అప్పుడు రికార్డింగునే యాప్‌లో 12 సెంట్లు దించుకోండి, పెదవి బిగించి పైకి లాగకండి. పాత రికార్డింగుల శ్రుతి ఎటైనా ఉండొచ్చు, కాబట్టి ఏదో ఒక నిలకడైన కార్డు మీద ట్యూనర్ పెట్టి చూశాకే స్లైడ్ కదపండి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ఈ లెక్క మళ్ళీ మారుతుంది. గొట్టంలో గాలి వేడెక్కితే ఒక్కో డిగ్రీకి 3 సెంట్ల దాకా శ్రుతి ఎక్కుతుంది. ఊపిరి వేడి ఎలాగూ లోపల ఉంటుంది కాబట్టి నిజంలో అంతకు తక్కువే, అయినా మిట్టమధ్యాహ్నం మీరు ఏమీ చెయ్యకుండానే 443కు చేరిపోయి ఉండొచ్చు.

ఈ ఐదూ అయ్యాక మీకొకటి, యుఫోనియం మిత్రుడికొకటి. మీకు మాలర్ మూడు, మొదటి మూవ్‌మెంట్‌లోని ట్రాంబోన్ సోలోల కోసం. హోరెన్‌స్టైన్ లండన్ సింఫనీతో 1970లో చేసినదాంట్లో వాయించింది డెనిస్ విక్. మౌత్‌పీసుల మీద మీరు చూసే పేరు ఆయనదే. అందులోనే మూడో మూవ్‌మెంట్‌లో దూరం నుంచి వినిపించే పోస్ట్‌హార్న్ భాగాన్ని విలియం ల్యాంగ్ ఫ్లూగల్‌హార్న్ మీద వాయించారు, ట్రంపెట్లవాళ్ళు వదలకూడనిది. యుఫోనియంకు మాలర్ ఏడు. మొదటి పాటే టెనర్ హార్న్‌ది. చాలా ఆర్కెస్ట్రాల్లో దాన్ని యుఫోనియంతోనో బారిటోన్‌తోనో వాయిస్తారు. అబ్బాదో షికాగోతో 1984లో చేసినది వినమనండి. బ్యాండులో ఎప్పుడూ వెనక వరసలో నింపుడు పని చేసేవాడికి, గంటంపావు సింఫనీని తన వాయిద్యమే తెరవడం వినడం ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి.